ఇంట్లో కుట్టిన నోటు పుస్తకం: అట్ట వంకర పోతోంది, పేజీలు పరుచుకోవట్లేదు

నీలిసిరా
నమస్కారమండీ. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) ఎ4 జిరాక్సు కాగితాలు సగానికి మడిచి, ఐదేసి కలిపి ఒక మడతగా చేసి, మొత్తం 12 మడతలు కుట్టాను. దారం మామూలు తెల్ల మిషను దారమే, నాలుగు పోగులు కలిపి. వెన్నుకి ఫెవికాల్, పైన 2 మి.మీ. గ్రే బోర్డు, దాని మీద కాటన్ గుడ్డ. తేడాలు ఏమిటంటే: అట్టలు రెండూ ఆరాక పళ్ళెంలా వంగాయి. పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే చెయ్యి తియ్యగానే మూసుకుపోతోంది. వెన్ను లావుగా, బయటి అంచు సన్నగా, పక్కనుంచి చూస్తే ఇడ్లీ పాత్ర కింద పెట్టే చెక్క చీలికలా ఉంది. గుడ్డ మీద అక్కడక్కడా జిగురు మరకలు. ఏది దేనివల్లో చెప్పగలరా?

కొలతబద్ద
మొదటి రెండూ ఒకే జబ్బు, నీలిసిరా గారూ. కాగితానికి పీచు ఉంటుంది. మిల్లులో గుజ్జు జాలీ మీద పరుగెత్తేటప్పుడు పీచులన్నీ ఎక్కువగా ఆ పరుగు వైపే పడుకుంటాయి. తడి తగిలితే ప్రతి పీచూ లావెక్కుతుంది తప్ప పెద్దగా పొడుగు కాదు. అందుకని కాగితం పీచుకి అడ్డంగా సాగుతుంది, ఆరాక అటే ముడుచుకుంటుంది. పుస్తకంలో ఉన్న ప్రతి వస్తువుకీ (లోపలి కాగితం, అట్ట, అట్టకి లోపల అంటించే కాగితం) పీచు వెన్నుకి సమాంతరంగా, అంటే పై నుంచి కిందికి నడవాలి.

ఎ4 జిరాక్సు కాగితంలో సాధారణంగా పీచు 297 మి.మీ. వైపు నడుస్తుంది. సగానికి మడిస్తే మడత 210 వైపు పడుతుంది. అంటే మీ మడత ప్రతి పీచునీ అడ్డంగా విరిచింది. ఆ విరిచిన పీచులే స్ప్రింగులా పుస్తకాన్ని మూసేస్తున్నాయి. అట్ట లోపల అంటించింది కూడా ఇదే కాగితం అయ్యుంటుంది, అది ఆరుతూ ఎత్తు వైపు అట్టని లాక్కుంది.

పరీక్ష ఒక్క నిమిషం పని. కాగితం మూల నుంచి రెండు అంగుళాల చదరం ముక్క కోసి, ఏ వైపు నిలువో పెన్సిలుతో గీత పెట్టి, ఒక పక్క మాత్రం తడివేలితో రాయండి. చూస్తుండగానే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడుగు ఎటు ఉంటే పీచు అటు. అట్టకైతే తడి అక్కర్లేదు: చదరంగా కోసిన ముక్కని రెండు వైపులా వంచి చూడండి, సులువుగా వంగే వైపు మడత పీచుకి సమాంతరం.

నీలిసిరా
పరీక్ష చేశాను. మీరన్నట్టే 297 వైపు గొట్టం చుట్టుకుంది. అట్ట కూడా అడ్డంగానే కోశాను. మరి ఎ4తో పుస్తకం చెయ్యకూడదా?

కొలతబద్ద
చెయ్యొచ్చు, సైజు మార్చుకుంటే చాలు. ఎ4ని అడ్డంగా రెండు ముక్కలు కోయండి. ఒక్కో ముక్క 148 × 210, పీచు 148 వైపు. దాన్ని మడిస్తే 105 × 148 జేబు పుస్తకం, పీచు వెన్ను వెంబడే. లేదా కొయ్యకుండా పొడుగ్గా మడవండి: 105 × 297. పాత కొట్లలో చిట్టా, ఆవర్జా రాసే పొడుగు పుస్తకాల ఆకారం. లెక్కలకీ, సరుకుల జాబితాకీ ఇంతకంటే హాయైన సైజు లేదు. ఎ5 పుస్తకమే కావాలంటే పొడుగు పీచు ఉన్న ఎ3 కొని అడ్డంగా సగం కోస్తే పొట్టి పీచు ఎ4 వస్తుంది. అయితే ఎ3 కట్టలన్నీ ఒకేలా ఉండవు, కొనే ముందు తడివేలి పరీక్ష తప్పదు.

దబ్బనం
ఎ4 గోల వదిలేసి డెమ్మీ షీటు కొనండి. తెలుగు పుస్తకాల వెనక 1/8 డెమ్మీ అని ఉంటుందే, అదే. షీటు 18 × 23 అంగుళాలు. మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. ప్రెస్సు భాషలో ఒక ఫారం. 12 షీట్లు కొంటే 12 ఫారాలు, 192 పేజీలు. కత్తిరింపు పోగా చేతికొచ్చేది 5.5 × 8.5 అంగుళాలు.

కాగితాల కొట్టులో అడగాల్సిన మాట ఒకటే: పీచు 18 అంగుళాల వైపు ఉండాలి. ఎందుకో మడిచి చూసుకోండి. మొదట 23ని సగం, తరవాత 18ని సగం, చివరికి 11.5ని సగం. ఆఖరి మడతే వెన్ను, అది 18 వైపు నడుస్తుంది.

మూడో మడతకి ముందు రెండో మడతని చాకుతో సగం దాటేదాకా కొయ్యాలి. కొయ్యకపోతే లోపల చిక్కిన గాలికి దారి దొరక్క మూల దగ్గర నక్షత్రంలా ముడత పడుతుంది. ఆ ముడత ఎంత రుద్దినా పోదు. కోసే చాకు మరీ పదునుది వద్దు, వెన్న రాసుకునేలాంటి మొద్దు చాకు అయితే మడత వెంట తిన్నగా పోతుంది.

మడతని గీటడానికి బోన్ ఫోల్డర్ లేకపోతే స్టీలు చెంచా వెన్ను పనికొస్తుంది. నేరుగా రుద్దితే కాగితం మీద నున్నటి మెరుపు మరక పడుతుంది, మధ్యలో చిత్తు కాగితం వేసుకోండి. ఫారాలన్నీ మడిచాక దొంతర పెట్టి, పేపర్లో చుట్టిన రెండు ఇటుకలు ఒక రాత్రి ఎత్తండి. పొద్దున్నకి ఎత్తు మూడో వంతు తగ్గితే మడత కుదిరినట్టు.

గొలుసుకుట్టు
వెన్ను లావుకి కారణం దారం. మిషను దారం నాలుగు పోగులు కలిస్తే అర మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది. ప్రతి మడత మధ్యలోనూ ఒక దారం కూర్చుంటుంది కాబట్టి 12 మడతలకి 6 మి.మీ. మీ కాగితాల దొంతర అసలు మందం 12 మి.మీ. (120 ఆకులు, ఆకు 0.1 చొప్పున). బయటి అంచు 12, వెన్ను 18. అదీ మీ చీలిక. నాలుగు పోగులతో ఇంకో తంటా ఉంది. నాలుగూ ఒకేలా బిగుసుకోవు. ఒకటి వదులుగా వేలాడుతుంది, ఒకటి మరీ బిగిసి కాగితాన్ని కోస్తుంది.

ఒంటి పోగు వాడండి, 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. లినెన్ దారం దొరికితే అదే. దొరక్కపోతే 40 నెంబరు క్రోషా దారం సరిపోతుంది. చెప్పుల వాళ్ళు వాడే 0.8 పాలిస్టరు మైనపు దారం గట్టిదే గానీ ఇంత మెత్తటి కాగితానికి అది రంపం. దారాన్ని తేనెమైనం ముక్క మీద బొటనవేలితో నొక్కి రెండుసార్లు లాగండి. మొదటిసారి జర్రున పోతుంది, రెండోసారి వేళ్ళ మధ్య కిర్రుమని పట్టుకుంటుంది. ఆ కిర్రు వినబడితే చాలు, మూడోసారి వద్దు. మైనం ఎక్కువైతే మడతలో పసుపు గీత దిగుతుంది.

మరీ పల్చని మడతలు ఎక్కువ పెట్టినా ఇదే సమస్య. 70, 80 జీఎస్ఎంకి మడతలో 4, 5 కాగితాలు. 100 దాటితే 3, 4. అంతకంటే పెంచితే లోపలి కాగితం బయటి అంచులోంచి మెట్లుమెట్లుగా తోసుకొస్తుంది.

నీలిసిరా
కుట్టు వరస కూడా చెప్తారా? నేను ఐదు చిల్లులు పొడిచి బొంత కుట్టులా పైకీ కిందకీ పోనిచ్చాను. మడతకీ మడతకీ మధ్య పట్టు లేదు, ఊగుతోంది.

గొలుసుకుట్టు
బొంత కుట్టు తప్పు కాదు, చివర్ల దగ్గర ముడి లేకపోవడం తప్పు. 1/8 డెమ్మీకి లెక్క ఇది. కత్తిరించాక ఎత్తు 216 మి.మీ. అవుతుంది. 10 మి.మీ. వెడల్పు నూలు నాడాలు మూడు తీసుకోండి (మిషన్ సామాను కొట్లో మీటర్ల చొప్పున అమ్మే తెల్ల టేపు). చిల్లులు పై నుంచి 12, 44, 55, 102.5, 113.5, 161, 172, 204 మి.మీ. దగ్గర. మొత్తం ఎనిమిది. 44-55, 102.5-113.5, 161-172 జంటల మధ్య నాడా కూర్చుంటుంది. 12, 204 ముడి చిల్లులు. ఇంకా కత్తిరించని ఫారం అయితే పైన 6 మి.మీ. వదిలి అక్కణ్ణించి కొలవండి.

ఒక అట్ట ముక్క మీద ఈ కొలతలు గీసి మడిచి ప్రతి ఫారం లోపలా పెట్టి, లోపలి నుంచి ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్ళు చిల్లులు పొడిచే మొన) మడత మీదే పొడవాలి. మొన అర మిల్లీమీటరు పక్కకి జరిగినా బయట వెన్ను మీద చిల్లు మడత దాటి కనిపిస్తుంది. చిల్లు సూది పట్టేంతే ఉండాలి. పెద్దదైతే వెన్నుకి రాసిన జిగురు దాంట్లోంచి దిగి లోపలి పేజీలు అతుక్కుంటాయి.

కుట్టేటప్పుడు మొన లేని సూది వాడండి, ముందే పొడిచిన చిల్లులే కదా. మొదటి ఫారం బల్ల అంచున పెట్టి 12 దగ్గర బయటి నుంచి లోపలికి వెళ్ళండి, 8 సెంటీమీటర్ల తోక వదలండి. 44 దగ్గర బయటికి, నాడా మీదుగా 55లోకి. ఇలాగే 204 దగ్గర బయటికి వస్తారు. రెండో ఫారం పైన పెట్టి దాని 204లోకి ఎక్కి వెనక్కి రండి. 12 దగ్గర బయటపడ్డాక ఆ తోకతో రెండు ముళ్ళు. మూడో ఫారం 12లోకి ఎక్కి 204 దగ్గర బయటికి వచ్చాక, సూదిని కింది రెండు ఫారాల మధ్యకి దూర్చి, వాటిని కలిపే దారం వెనక నుంచి తెచ్చి, ఏర్పడ్డ ఉచ్చులోంచి పైకి లాగండి. గొలుసు కుట్టులో ఒక కన్ను అంతే. నాలుగో ఫారం నుంచి ప్రతి చివరా ఇదే.

దారం బిగించేటప్పుడు లాగాల్సింది వెన్ను వెంబడి, కుట్టు నడిచే వైపుకి. మీ వైపుకి గానీ పైకి గానీ లాగితే మడత సర్రున చిరుగుతుంది. చిరిగిన మడతలు తొంభై పాళ్ళు ఇలాగే చిరుగుతాయి. దారం మీటరుంబావు చొప్పున తీసుకోండి, అయిపోయాక మగ్గం మీద తెగిన పోగుని అతికే ముడితో కొత్తది కలపండి. ముడి వెన్ను బయట పడేలా చూసుకోవాలి, లోపల పడితే రాసేటప్పుడు పాళీకి తగులుతుంది.

దబ్బనం
12 మి.మీ. అన్నది అందరూ గమనించండి. ముడి చిల్లుని అంచుకి 5, 6 మి.మీ.లోకి తెచ్చి, ఆనక ప్రెస్సులో కటింగ్ మిషన్ కింద పెడితే కత్తి ముళ్ళన్నీ తెగ్గోస్తుంది. పుస్తకం అక్కడికక్కడే విచ్చుకుంటుంది.

బొంత
జర ఆగుర్రి. పల్సటి పుస్తకానికి గింత కష్టమెందుకు? ఆరు కాగితాలు, పైన ఒక దళసరి కవరు, అంతే అనుకో. కాలు మిషన్ మీదనే కుట్టుకోవచ్చు. సూది 16 నెంబరు. కుట్టు పొడుగు మిషన్ల ఎంత ఎక్కువ పెట్టవస్తదో అంత, 4 మి.మీ. కన్న తక్కువ వద్దు. కుట్టు చిన్నగైతే పోస్టు స్టాంపు లెక్క చిల్లులు దగ్గర దగ్గర పడ్తయ్, రెండుసార్లు తెరవంగనే మడత కాడ ఊసిపోతది. పై దారం టెన్షన్ కొంచెం ఢీలా పెట్టాలె. ముందు మడత గీటి, మళ్ళ ఇప్పి, మడత గీత మీద కుట్టాలె. చివర్ల రివర్స్ కుట్టు కొట్టొద్దు, దారాలు నాలుగంగుళాలు వదిలి లోపలికి గుంజి చేత్తోని ముడెయ్యాలె. కాగితం కుట్టిన సూది మొద్దుబారుతది, దాన్ని బట్టలకు వాడితే పోగులు గుంజుతది. గా సూదికి ఎర్ర దారం కట్టి పక్కకు పెట్టుకోర్రి.

విడి కాగితాలు (ఒక పక్క ప్రింటు తీసినవి) అయితే ఇంకో పద్ధతి. అంచు నుంచి 10 మి.మీ. లోపలికి నాలుగు చిల్లులు పొడిచి దబ్బనంతోని పక్క కుట్టు. గట్టిగుంటది. కని పుస్తకం మొత్తం తెరుచుకోదు, అందుకని ప్రింటు తీసేటప్పుడే ఎడమ పక్క 25 మి.మీ. మార్జిన్ వదలాలె.

తుమ్మజిగురు
మరకల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫెవికాల్ ఆరాక నీళ్ళకి కరగదు, గుడ్డలోంచి పైకి ఊరితే ఇక అంతే. పైగా త్వరగా పట్టేస్తుంది, గుడ్డని సర్దుకునే వ్యవధి ఇవ్వదు. నా లెక్క: వెన్నుకి ఫెవికాల్ (వంగుతుంది, విరగదు), అట్ట లోపలి కాగితం అంటించడానికి మైదా బంక, అట్టకి గుడ్డ తొడగడానికి రెండూ సగం సగం.

మైదా ఒక గ్లాసు, నీళ్ళు ఐదు గ్లాసులు. ఒక పుస్తకానికైతే గ్లాసు బదులు రెండు భోజనం చెంచాల మైదా చాలు. ముందు చన్నీళ్ళు కొద్దిగా పోసి ఉండ లేకుండా దోసెపిండిలా కలిపి, మిగతా నీళ్ళు పోసి పావుగంట నానబెట్టండి. సన్నని సెగ మీద ఆపకుండా తిప్పాలి. చాలాసేపు పాలలాగే ఉంటుంది, ఏమీ జరగట్లేదనిపిస్తుంది. తరవాత గరిటె అడుగున ఒక్కసారిగా బరువు తెలుస్తుంది. తెలుపు పోయి గంజిలా గాజు రంగు తిరుగుతుంది, బుడగలు పొటుక్ పొటుక్‌మని పగులుతాయి. అక్కణ్ణించి ఇంకో మూడు నిమిషాలు. మొత్తం 8 నుంచి 10 నిమిషాలు. ముందే దించేస్తే పచ్చి పిండి మిగిలి ఆరాక పొడిలా రాలుతుంది. చల్లారాక టీ వడపోతలోంచి బ్రష్షుతో రుద్ది వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. పులుపు వాసన వస్తే పారెయ్యడమే.

దబ్బనం
చిటికెడు మైలుతుత్తం మర్చిపోయారు. పాత బైండర్లందరూ వేస్తారు, పురుగు పట్టదు.

తుమ్మజిగురు
మర్చిపోలేదన్నా, కావాలనే వదిలేశాను. తుత్తం విషం. వంటింటి గిన్నెలో, పిల్లలు ముట్టుకునే పుస్తకంలో దానికి చోటు లేదు. రెండోది, తుత్తంలో ఉండే రాగి కాగితాన్ని తొందరగా పాడుచేస్తుంది. గాలీ తేమా తగిలే కొద్దీ కాగితం గోధుమరంగు తిరిగి పెళుసుబారడానికి రాగి ఊతమిస్తుంది.

దబ్బనం
తుత్తం వేసిన రిజిస్టర్లు ఆఫీసు బీరువాల్లో ఇప్పటికీ పురుగు ముట్టకుండా ఉన్నాయి మరి.

తుమ్మజిగురు
పురుగు ముట్టదు, ఒప్పుకుంటాను. అయితే వెన్ను లోపల కాగితం వేలితో తాకితే ఎలా ఉందో చూడండి. పురుగుకి అసలు కావాల్సింది పిండీ తేమా. బంక పల్చగా రాసి ఎముకలా ఆరనిస్తే, పుస్తకాన్ని గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా పెడితే వెండి పురుగుకి అక్కడ పనుండదు. అరలో వేపాకో కర్పూరమో పెట్టుకోండి, బంకలో మాత్రం ఏమీ వద్దు.

పాతకాగితం
ఈ తుత్తం గొడవ పాత పుస్తకాలకి మరీ ముఖ్యం. ఎవరైనా తాతల నాటి పంచాంగమో భాగవతమో మళ్ళీ కుట్టబోతే ముందు ఒక ఖాళీ ఆకు మూల మడిచి విప్పి, మళ్ళీ వెనక్కి మడవండి. రెండు మూడు మడతల్లోనే ముక్క ఊడి చేతికొస్తే ఆ కాగితం కుట్టు భరించదు. స్కాను తీసుకుని, అసలుదాన్ని అట్టపెట్టెలో పడుకోబెట్టడమే మర్యాద.

మడత బాగానే ఉండి వెన్ను దగ్గర మాత్రం చిరిగితే 12, 15 మి.మీ. వెడల్పు పల్చని టిష్యూ పట్టీని మడత మీద బంకతో అతకండి. దానికి మైదా కంటే గోధుమ పిండి గంజి మేలు. మాడుగుల హల్వాకి గోధుమ పాలు తీస్తారే, దాదాపు అదే పని: ముద్ద కలిపి నీళ్ళలో పిసికితే జిగట చేతిలో మిగులుతుంది, తెల్లటి పాలు కిందికి పోతాయి. ఆ పాలు పేరుకున్నాక పై నీళ్ళు వంపేసి అడుగున ఉన్నదే ఉడికించండి. జిగట లేని ఈ గంజి పసుపెక్కదు, అవసరమైతే తడి చేసి ఊడదీయొచ్చు.

సెల్లోటేపు వెయ్యొద్దు. దాని జిగురు కాలక్రమేణా కాగితంలోకి దిగి గోధుమరంగు మరకవుతుంది, ప్లాస్టిక్ రాలిపోయాక కూడా మరక ఉంటుంది. తీరప్రాంతపు పుస్తకాల్లో పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. లాగకుండా, వెనక వైపు కాళ్ళు సన్నటి చాకుతో నిలబెట్టి ఒక్కొక్కటే తియ్యాలి.

అట్టపెట్టె
ఇక అట్ట లెక్క. కుట్టిన దొంతర 140 × 216, మందం 12 మి.మీ. అనుకుందాం. అట్ట 2 మి.మీ.

ఎత్తు: 216కి పైన 3, కింద 3 కలిపి 222.
వెడల్పు: 140లో 3 తగ్గించి 137. గాడి ఆ మూడునీ తిరిగి ఇచ్చేస్తుంది, బయట ఇంకో 3 మిగులుతుంది.
వెన్ను పట్టీ: 12కి రెండు అట్టల మందం కలిపి 16.
గాడి: వెన్ను పట్టీకీ అట్టకీ మధ్య 7.
గుడ్డ: 137 + 7 + 16 + 7 + 137, రెండు పక్కలా మడతకి 20 చొప్పున కలిపి మొత్తం 344. ఎత్తు 222 + 40 = 262.

గాడి 5కి తగ్గితే అట్ట తెరిచినప్పుడల్లా మొదటి పేజీని పీకుతుంది. 9కి పెరిగితే పుస్తకం అట్టలో జారి వేలాడుతుంది. గుడ్డ మూలలు 45 డిగ్రీల్లో కొయ్యాలి. అట్ట మూలకి ఆనించి కాదు, 3 మి.మీ. దూరంలో (అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు). ఆనించి కోస్తే మూలలో బోర్డు తొంగి చూస్తుంది.

నీలిసిరా గారి మరకలకి అసలు మందు గుడ్డకి వెనక కాగితం వెయ్యడం. గుడ్డని తడిపి గాజు మీద బోర్లా పరిచి, పోగులు సూటిగా సర్ది, బంక రాసిన తెల్ల టిష్యూని దాని మీద వేసి మధ్య నుంచి అంచులకి బ్రష్షుతో తొయ్యాలి. ఒక రాత్రి ఆరాక కాగితంలా ఊడొస్తుంది, ఇక జిగురు పైకి ఊరదు. అంత ఓపిక లేకపోతే టైలరింగ్ కొట్లో ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ దొరుకుతుంది.

గుడ్డ ఎంపిక: మంగళగిరి నూలు చక్కగా కూర్చుంటుంది. పెడన అద్దకం గుడ్డ అయితే ముందు తడి తెల్ల గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి రంగు దిగుతుందో లేదో చూడాలి. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైను పోగులోనే ఉంటుంది కాబట్టి కత్తెర పెట్టే ముందు ఒక పేక పోగు లాగి ఆ గీత వెంట కొయ్యండి, లేకపోతే అట్ట మీద వరసలు మెట్లెక్కుతాయి. పట్టు వద్దు. అంచులు విచ్చుకుంటాయి, తడి మచ్చ పోదు. జరీ మడత దగ్గర పైకి లేస్తుంది. పడుగు మాత్రం వెన్ను వెంబడే ఉండాలి.

వెన్నుకి వేసే పల్చటి గుడ్డని ఇంగ్లీషు బైండర్లు మల్ అంటారు. మన మల్‌మలే అది, ఊరు తిరిగొచ్చింది. క్యాలికో కూడా కాలికట్ పేరే. ఆసుపత్రి గాజుగుడ్డ వాడాలంటే మరీ జల్లెడ, రెండు పొరలు వేసి గంజి పెట్టుకోండి. మల్‌మల్ వెన్నుకి రెండు పక్కలా 25 మి.మీ. చొప్పున బయటికి రావాలి. అదీ నాడాల కొసలూ కలిసే పుస్తకాన్ని అట్టకి పట్టి ఉంచుతాయి.

నీలిసిరా
అట్ట గుడ్డ తొడగగానే బయటికి వంగింది, లోపలి కాగితం అంటించాక లోపలికి వంగింది. పీచు సరిచేస్తే అసలు వంగదా?

కొలతబద్ద
మొదటి వంపు మామూలే. తడిసిన గుడ్డ ఆరుతూ బయటికి లాగుతుంది. లోపలి కాగితం ఆరుతూ దాన్ని వెనక్కి లాగాలి, ఈ రెండు లాగుళ్ళూ సరితూగితే అట్ట నిటారుగా నిలబడుతుంది. పీచు సరిగా ఉంటే లోపలి వైపు లాగుడు తగుమాత్రంగా ఉంటుంది. బంక మరీ నీళ్ళగా ఉంటే మాత్రం పీచు సరిగా ఉన్నా ఎక్కువే లాగుతుంది. చివరి అంటింపుకి బంక పెరుగులా ఉండాలి, మజ్జిగలా కాదు.

అట్టపెట్టె
చివరి అంటింపు వరస: లోపలి కాగితం కింద ప్లాస్టిక్ షీటు, దాని మీద చిత్తు కాగితం పెట్టి, గాడి వైపు నుంచి బయటికి బంక రాసి, చిత్తు కాగితం లాగేసి, అట్ట మూసెయ్యండి. తెరిచి చూడొద్దు. చూస్తే సాగిన కాగితం ముడత పడుతుంది. రెండో పక్కా అంతే. రెండు గాడుల్లోనూ 3 మి.మీ. స్వెట్టరు సూదులు పెట్టి, పైనా కిందా ప్లైవుడ్ ముక్కలు, మీద రెండు ఇటుకలు. ఎండాకాలం 12 గంటలు. వానాకాలం కోస్తా వైపు అయితే రెండు రోజులు, ప్లాస్టిక్ పక్కన తడి పీల్చే అట్టముక్క పెట్టి ఆరారు గంటలకి మార్చాలి. ఫ్యాను కింద అట్ట తెరిచి ఆరబెడితే ఇంతసేపు చేసిందంతా మళ్ళీ పళ్ళెం అవుతుంది.

నీలిసిరా
సరేనండీ. 12 డెమ్మీ షీట్లు, పీచు 18 వైపు. 40 నెంబరు క్రోషా దారం, నాడా ఒక మీటరు, 2 మి.మీ. బోర్డు, మంగళగిరి గుడ్డ అర మీటరు. వెన్ను పైనా కిందా చిన్న చారల పట్టీ కనిపిస్తుందే, అది కొనాలా?

బొంత
కొనుడెందుకు? జాకెట్లకు పైపింగ్ ఎట్ల చేస్తరో గట్లనే. చారల షర్టు గుడ్డ 25 మి.మీ. వెడల్పు ముక్క కోసి, నడుమ సన్నటి సుతిలి పెట్టి, ఫెవికాల్ రాసి మడతపెట్టు. ఎండినంక వెన్ను మందం ఎంతనో అంత, 12 మి.మీ. చొప్పున రెండు ముక్కలు కోసి పైన ఒకటి, కింద ఒకటి అంటియ్యి. చారలు పేజీలకు అడ్డం రావాలె. నాడా ఒక మీటరు ఎక్కువ, మూడు కలిపి 30 సెంటీమీటర్లు చాలు. గింకోటి, బోర్డు కోసినంక మిగిలిన ముక్కలల్ల 7 మి.మీ. వెడల్పు పట్టీ ఒకటి కోసి దాని మీద ‘గాడి’ అని రాసి పెట్టుకో, మళ్ళ మళ్ళ స్కేలు పట్టుకునే పని ఉండది.